నడిచే దయ్యం, నడిచే రాజు

ఏటా వానలు వెనకపట్టగానే మా ఇంట్లో ఒక తంతు జరుగుతుంది. అటక మీది రేకు ట్రంకుపెట్టెను దింపి, అందులోని పుస్తకాలను వరండాలో దుప్పటి పరచి ఎండలో పెడతాను. పిల్లలు చిన్నగా ఉన్నప్పుడు అది వాళ్ళకు పండుగ. ఇప్పుడు ఇంట్లోవాళ్ళకు అది దుమ్ము, నాకు తుమ్ములు. మొత్తం 212 సంచికలు. ఒకప్పుడు 300కు పైగా ఉండేవి. ఒక వానాకాలంలో చెదలు తమ వాటా తాము తీసుకున్నాయి. ఎక్కువ భాగం ఇంద్రజాల్ కామిక్సు, అందులోనూ ముప్పాతిక వంతు ముసుగువీరుడు ఫాంటమ్ కథలు. చిత్రమేమిటంటే వాటిలో ఎక్కువ హిందీవి. తెలుగు పిల్లవాడికి, అదీ గంగారం అడవిలో పెరిగినవాడికి, హిందీ ఫాంటమ్ ఎలా దొరికాడో ముందు చెప్పాలి.

మా నాన్నగారు బడిపంతులు. 1970ల చివర గంగారానికి బదిలీ అయింది. ఇప్పుడు గంగారం మహబూబాబాద్ జిల్లాలో మండల కేంద్రం. 2016లో జిల్లాల పునర్విభజనతో ఆ హోదా వచ్చింది. అప్పట్లో అది వరంగల్ జిల్లాలో, నర్సంపేట దాటి, పాకాల చెరువు దాటి, కొత్తగూడ దాటి పోతే వచ్చే కోయల ఊరు. సాయంత్రమైతే ఇప్పచెట్ల మీద చీకటి పడేది, కిరసనాయిలు దీపం వెలిగేది, అంతే. వార్తాపత్రిక మరునాడు వచ్చేది. చందమామ మాత్రం నాన్నగారు నెలకొకసారి జీతానికి నర్సంపేట వెళ్ళినప్పుడు తప్పకుండా తెచ్చేవారు.

మా మేనమామ కాజీపేటలో రైల్వే ఉద్యోగి. ఢిల్లీ నుంచి మద్రాసు పోయే బళ్ళలో ప్రయాణికులు చదివి వదిలేసిన పుస్తకాలను ఏరి దాచిపెట్టి, సెలవులకు వచ్చేటప్పుడు ఒక సంచినిండా తెచ్చేవాడు. అందుకే నా సంచికల్లో చాలావాటికి అట్టలు లేవు. కొన్నింటికి చివరి పుట లేదు. దొంగ దొరికాడో లేదో నాకు ఈనాటికీ తెలియని కథలు ఐదారు ఉన్నాయి. బడిలో నేర్చిన రెండు ముక్కల హిందీతో, అర్థం కానిచోట బొమ్మను పట్టుకొని, ఆ పుస్తకాలు చదివాను.

హిందీలో ఫాంటమ్ పేరు వేతాల్. నాకు మొదటిరోజే గట్టి చిక్కు వచ్చిపడింది. వేతాళుడంటే చందమామలో చెట్టుకు తలకిందులుగా వేలాడే బేతాళుడు. శంకర్ గారి బొమ్మలో విక్రమార్కుడి భుజం మీద తెల్లగా వాలిపోయి, కథ చెప్పి, ప్రశ్న వేసి, మౌనభంగం కాగానే మళ్ళీ చెట్టెక్కేవాడు. ఇక్కడి వేతాళుడేమో బిగుతుబట్టలు తొడుక్కొని, నడుముకు రెండు తుపాకులు కట్టి, తెల్లగుర్రం మీద తిరుగుతున్నాడు. ప్రశ్నలు వేయడు, పిడిగుద్దులు గుద్దుతాడు. గుద్దు తిన్నవాడి దవడ మీద పుర్రెగుర్తు పడుతుంది. ఇద్దరూ ఒకరేనా అని మామయ్యను అడిగితే, "వాడు మన బేతాళుడే, పట్నం పోయి ప్యాంటేసుకున్నడు" అన్నాడు. చాలాకాలం నేను దానిని నమ్మాను.

పెద్దయ్యాక ఈ సేకరణ ఒక వ్యసనమైంది. హైదరాబాదులో ఉద్యోగం చేసిన రోజుల్లో ఆదివారం వస్తే ఆబిడ్స్ కాలిబాటల మీద పాతపుస్తకాల గుట్టల ముందు గొంతుక్కూర్చునేవాణ్ణి. అట్ట ఉన్న సంచిక దొరికితే అట్ట లేనిదాన్ని వేరే పిచ్చివాడికి ఇచ్చేవాణ్ణి. మెల్లగా వీటి పుట్టుపూర్వోత్తరాలు తెలిశాయి.

ఫాంటమ్‌ను సృష్టించినవాడు లీ ఫాక్ అనే అమెరికన్. 1934లో మాండ్రేక్‌ను, 1936 ఫిబ్రవరి 17న ఫాంటమ్‌ను దినపత్రికల బొమ్మల వరుసగా మొదలుపెట్టాడు. మొదట బొమ్మలు గీసినవాడు రే మూర్. 1961 నుంచి 1994 దాకా సై బ్యారీ గీశాడు. మనలో చాలామందికి కళ్ళు మూసుకుంటే కనిపించే ఫాంటమ్ అతని ఫాంటమే. సూపర్‌మ్యాన్ వచ్చింది 1938లో. అంటే ఒంటికి అంటుకున్న దుస్తులూ, కనుపాపలు కనిపించని ముసుగూ సూపర్‌మ్యాన్ కంటే రెండేళ్ళ ముందే ఫాంటమ్‌తో వచ్చాయి. తేడా ఒకటే: ఫాంటమ్‌కు ఏ అతీతశక్తీ లేదు. ఆ సూపర్‌మ్యాన్ కథ వేరు. జెర్రీ సీగెల్, జో షుస్టర్ అనే ఇద్దరు కుర్రవాళ్ళు అతని హక్కులను 130 డాలర్లకు అమ్ముకున్నారు. మన తెలుగువాళ్ళ దగ్గరికి వచ్చేసరికి సూపర్‌మ్యాన్‌కు కూడా దేవుడి అండ కావలసివచ్చింది. 1980లో వి. మధుసూదనరావు గారి దర్శకత్వంలో వచ్చిన రామారావు గారి 'సూపర్‌మ్యాన్'లో కథానాయకుడికి బలం హనుమంతుడి వరం. నర్సంపేటలో ఆ సినిమా చూసి వచ్చి, వారం రోజులు భుజాన తువ్వాలు కట్టుకొని దుంకినవాళ్ళలో నేనూ ఒకణ్ణి.

టైమ్స్ ఆఫ్ ఇండియా వారు ఇంద్రజాల్ కామిక్సును 1964 మార్చిలో మొదలుపెట్టారు. మొదటి 32 సంచికలూ ఫాంటమ్‌వే. ఆ తరువాత మాండ్రేక్, ఫ్లాష్ గోర్డన్, రిప్ కిర్బీ వంటివాళ్ళు వచ్చి చేరారు. 1976లో అబిద్ సుర్తి సృష్టించిన బహాదుర్ వచ్చాడు. జీన్సు ప్యాంటు మీద కాషాయపు కుర్తా తొడుక్కొని బందిపోట్లతో పోరాడే మన దేశపు వీరుడు. 1990లో ప్రచురణ ఆగేనాటికి 803 సంచికల సంఖ్య నమోదయింది.

మన దేశంలో అచ్చువేసేటప్పుడు వాళ్ళు చేసిన మార్పులు నాకు మహా ఇష్టమైన విషయం. మూలంలో ఫాంటమ్ ఉండే దేశం పేరు బెంగాల్‌ను గుర్తుచేసేలా ఉండేది. దాన్ని డెంకాలీ అని మార్చారు. 'సింగ్' సముద్రపుదొంగలను 'సింగా' దొంగలు చేశారు. ఇరవయ్యవ ఫాంటమ్‌ను చంపిన హంతకుడి పేరు మూలంలో 'రామా'. ఆ పేరు హంతకుడికి ఉంటే ఇక్కడ బాగుండదని 'రామలు' అన్నారు. బొంబాయిలో కూర్చుని ఆ మార్పు చేసినవారికి తెలంగాణలో ఊరికి నలుగురు రాములులు ఉంటారని తెలియదు కాబోలు. మా బడిలోనే ముగ్గురు ఉండేవారు. ఆ సంచిక వచ్చిన నెలంతా వాళ్ళకు మా చేతుల్లో సుఖం లేకపోయింది.

ఇక అసలు సంగతికి వస్తాను.

గంగారంలో నాకొక స్నేహితుడు ఉండేవాడు, కోయపిల్లవాడు. నాకంటే రెండేళ్ళు పెద్ద, తరగతిలో నాకంటే ఒకటి కింద. వానికి హిందీ రాదు, తెలుగు చదువు మీద కూడా మనసు లేదు. కానీ బొమ్మలంటే ప్రాణం. బడి వెనక ఇప్పచెట్టు కింద కూర్చుని నేను హిందీలో చదివి తెలుగులో చెప్పేవాణ్ణి. వాడు బొమ్మల మీద వేలు పెట్టి చూసేవాడు. అడవి గీతల్లో తప్పులు పట్టేవాడు. "గీ చెట్టుకు ఊడలు గిట్ల దిగయి" అనేవాడు. ఫాంటమ్ పుర్రెగుహ, తెల్లగుర్రం, తోడేలు వానికి బాగా నచ్చాయి. కానీ వాడు అడిగే ప్రశ్నలకు నా దగ్గర జవాబు ఉండేది కాదు.

"గా పొట్టోళ్ళకు పేర్లుండయా?" అని అడిగాడు ఒకరోజు. పొట్టోళ్ళంటే ఫాంటమ్ చుట్టూ విషపు బాణాలతో ఉండే బందార్ జనం. వాళ్ళ నాయకుడు గుర్రన్‌కు తప్ప చాలామందికి నిజంగానే పేర్లు లేవు.

"ఒడ్డుకు కొట్టుకొస్తే బతికిచ్చింది వాళ్ళే గదా, మరి దొర ఆయనెట్లయిండు?" అని ఇంకోరోజు. కథ ప్రకారం 1536లో ఓడ మునిగి సముద్రతీరానికి కొట్టుకువచ్చిన తెల్లవాణ్ణి కాపాడింది బందార్లే. అతడు తన తండ్రిని చంపినవాడి పుర్రె మీద ఒట్టుపెట్టుకుంటాడు. అతని తరువాత కొడుకు, ఆ కొడుకు తరువాత వాని కొడుకు అదే ముసుగు వేసుకుంటారు. బయటివారికి మాత్రం 400 ఏళ్ళుగా చావులేని ఒకే ఒక్కడు, నడిచే దయ్యం.

ఆ నడిచే దయ్యం మాట చెప్పినప్పుడు వాడు తల ఊపి, ఏమీ వింత లేనట్టు, "మా రాజు గూడ నడుస్తడు" అన్నాడు.

"ఏ రాజురా?"

"పగిడిద్దరాజు. పూనుగొండ్ల నుంచి మేడారం నడుస్తడు."

నేను నవ్వాను. "నీ రాజు బొమ్మేదిరా మరి?" అన్నాను, చేతిలో ఉన్న రంగుల పుట చూపించి. వాడు మాట్లాడలేదు. కాసేపటికి లేచి పశువుల దగ్గరికి వెళ్ళిపోయాడు. నేను గెలిచానని అనుకున్నాను. ఆ గెలుపు నన్ను 45 ఏళ్ళు వెంటాడుతుందని అప్పుడు తెలియదు.

మొన్న మొన్నటిదాకా ఈ సంచికలను నేను బాల్యజ్ఞాపకాలుగానే చూశాను. ఈ మధ్య మళ్ళీ వరుసగా చదివితే, వాడు వేలు పెట్టినచోటల్లా నా కన్ను ఆగింది. ఆ అడవిలో న్యాయం చెప్పేవాడు తెల్లవాడు. అడవి రక్షకదళానికి అధిపతి కూడా అతడే. ఎవరికీ కనిపించడు, ఆజ్ఞలు మాత్రం అందుతాయి. లీ ఫాక్ కాలంతోపాటు కొంత మారాడన్నది కూడా చెప్పాలి. తరువాతి కథల్లో లమాండా లువాగా అనే ఆఫ్రికన్ వైద్యుణ్ణి ప్రజలు ఎన్నుకున్న అధ్యక్షుణ్ణి చేశాడు. కానీ పుర్రెగుహలో ఒక గది ఉంది, అందులో బీరువాల నిండా పెద్దపెద్ద చరిత్రగ్రంథాలు. ప్రతి ఫాంటమ్ తన సాహసాలను తానే రాసి అక్కడ పెడతాడు. చిన్నప్పుడు ఆ గది మీద నాకు ఎనలేని మోజు; నా ట్రంకుపెట్టె ఆ గదికి నకలే. ఇప్పుడు చూస్తే ఆ బీరువాల్లో బందార్ల పుస్తకం ఒక్కటీ లేదు. 400 ఏళ్ళు ఒకే అడవిలో ఉన్నారు. ఒకరి చరిత్ర తోలు అట్టలతో గుహలో ఉంది, రెండోవారిది ఆ పుటల్లో ఎక్కడా లేదు.

మన నేల మీద కూడా అడవికి తెల్లవాడు వచ్చాడు. 1940లో ఆదిలాబాద్ జిల్లా జోడేఘాట్‌లో గోండు వీరుడు కొమరం భీం పోలీసు కాల్పుల్లో చనిపోయిన తరువాత, గోండుల స్థితిగతులు తెలుసుకొమ్మని నిజాం ప్రభుత్వం ఆస్ట్రియా దేశపు మానవశాస్త్రవేత్త హైమండార్ఫ్‌ను నియమించింది. ఆయన చెంచుల మీద 1943లో, కొండరెడ్ల మీద 1945లో, ఆదిలాబాద్ రాజ్‌గోండుల మీద 1948లో పుస్తకాలు ప్రచురించాడు. ఆయన వేలికి పుర్రె ఉంగరం లేదు, చేతిలో నోటుపుస్తకం ఉంది. అడవివాళ్ళ పేర్లు అడిగి రాసుకున్నాడు. నా స్నేహితుడి మొదటి ప్రశ్నకు ఫాంటమ్ కంటే ఈయన దగ్గరే జవాబు ఉందని నాకు ఆలస్యంగా తెలిసింది.

2024 ఫిబ్రవరి 20, మంగళవారం. మేడారం జాతర ఆ మరునాడు. అందరూ మేడారం దారి పట్టినప్పుడు నేను పూనుగొండ్లకు వెళ్ళాను. పూనుగొండ్ల ఇప్పుడు గంగారం మండలంలోనే ఉంది. చిన్నప్పుడు దానికి అంత దగ్గరలో ఉండి కూడా ఒక్కసారీ జాతర బయలుదేరే రోజున అక్కడికి పోలేదు.

తెలియనివారి కోసం రెండు మాటలు. మేడారం జాతర రెండేళ్ళకొకసారి మాఘ పున్నమికి జరుగుతుంది. పాటల్లో ఉన్న కథ ఇది: కాకతీయ ప్రతాపరుద్రుడి కాలంలో కరువు వచ్చి కప్పం కట్టలేకపోతే, కోయరాజు పగిడిద్దరాజు మీదికి ఓరుగల్లు సైన్యం వచ్చింది. ఆ పోరులో పగిడిద్దరాజు, కూతురు సారలమ్మ, అల్లుడు గోవిందరాజు ఒరిగిపోయారు. కొడుకు జంపన్న సంపెంగవాగులో దూకాడు. అదే నేటి జంపన్నవాగు. సమ్మక్క గాయాలతో చిలుకలగుట్ట వైపు వెళ్ళి మాయమైంది. వెతికినవాళ్ళకు కుంకుమభరిణె దొరికింది. జాతర బుధవారం నాడు కన్నెపల్లి నుంచి సారలమ్మ, కొండాయి నుంచి గోవిందరాజు, పూనుగొండ్ల నుంచి పగిడిద్దరాజు గద్దెలకు చేరుకుంటారు. గురువారం చిలుకలగుట్ట నుంచి సమ్మక్క వస్తుంది. శనివారం అందరూ వనప్రవేశం చేస్తారు.

వీళ్ళలో అందరికంటే దూరం నుంచి వచ్చేవాడు పగిడిద్దరాజు. పెనక వంశంవారు ఆయనను తీసుకొని అడవిదారిన 60 కిలోమీటర్లకు పైగా నడుస్తారు. దారిలో ఒక రాత్రి విడిది. మరునాటి సాయంత్రానికి మేడారం.

డోళ్ళు మోగాయి. జనం నీళ్ళబిందెలతో ఎదురొచ్చి దారి కడిగారు. నేను ఒక పక్కన నిలబడి లెక్క వేసుకున్నాను, సేకరణ చేసేవాడికి లెక్కలు తప్పవు కదా. ఫాంటమ్ ఒట్టుపెట్టుకున్న కల్పిత సంవత్సరం 1536. కాకతీయ రాజ్యం పడిపోయింది 1323లో. అంటే ఈ నడిచే రాజు ఆ నడిచే దయ్యం కంటే కనీసం 200 ఏళ్ళు పెద్ద. ఇక్కడ కూడా తండ్రి తరువాత కొడుకు ఆ నడకను అందుకుంటున్నాడు. కానీ ఇది మోసం కాదు, ముసుగు లేదు. నడిచేవారి పేర్లు ఊరందరికీ తెలుసు. రాజు చనిపోయాడన్న సంగతీ అందరికీ తెలుసు. తెలిసే ఆయనను నడిపిస్తున్నారు.

నా స్నేహితుణ్ణి అక్కడే వెతికి పట్టుకున్నాను. మోకాళ్ళ నొప్పులు, నడవలేక అరుగు మీద కూర్చున్నాడు. ఫాంటమ్ గుర్తున్నాడా అని అడిగాను. గుర్తులేదు. చాలాసేపు ఆలోచించి, "తెల్లగుర్రం ఉండె గదా?" అన్నాడు. నేను ఆ పుస్తకాలు ఇంకా దాచుకున్నానంటే, "గవి ఇంకా దాసినవా, సారు కొడుకా!" అని పగలబడి నవ్వాడు.

అప్పుడు ఆ పాత మాట ఎత్తాను. నీ రాజు బొమ్మేదని ఆనాడు అడిగాను, నీకు బాధ కలిగిందా అని. అది కూడా వానికి గుర్తులేదు. కానీ ప్రశ్న వినగానే ఆశ్చర్యపోయి, "బొమ్మ లేకపోవుడేంది? పడిగె మీద ఉంటది గదా" అన్నాడు. "గది అందరికి సూపెట్టేది గాదు."

కోయలలో ఒక్కో గోత్రానికి ఒక్కో పడిగె ఉంటుంది. అది జెండాలాంటి త్రికోణపు గుడ్డ. దాని మీద బొమ్మలు కుట్టి ఉంటాయి. డోలీలు అనే గాయకులు దాన్ని ఎదుట నిలిపి ఆ గోత్రం పుట్టుక, వలసలు, యుద్ధాలు పాడతారు. ఆ విద్యలో పేరెన్నికగన్న సకిని రామచంద్రయ్య గారికి 2022లో పద్మశ్రీ వచ్చింది. సమ్మక్క సారలమ్మల గాథ పాడిన ఆ గొంతు 2024 జూన్‌లో ఆగిపోయింది. ఆయన పేరు పత్రికల్లో చూసినప్పుడు కూడా పడిగెకూ నా ట్రంకుపెట్టెకూ సంబంధం ఉందని నాకు తట్టలేదు.

ఆ తట్టుడు మొదలయ్యాక మరొకటి కళ్ళముందు కనిపించింది. జనగామకు దగ్గరలోని చేర్యాల. అక్కడి నకాషీలు గుడ్డకు చింతగింజల అంబలి, సుద్ద, జిగురు పట్టించి, ఎర్రటి నేపథ్యం మీద కథలు గీస్తారు. పటం వెడల్పు మూడడుగులు, పొడవు 40 అడుగులు దాటవచ్చు. అడ్డంగా పూలగీతలు కొట్టి గడులుగా విడదీస్తారు. ఒక గడిలో ఒక ఘట్టం. కథకుడు పటాన్ని కొంచెం కొంచెంగా విప్పుతూ, కర్రతో బొమ్మను చూపుతూ పాడతాడు. కాకిపడగలవారు ముదిరాజులకు, కూనపులివారు పద్మశాలీలకు, డక్కలివారు మాదిగలకు వారి వారి పురాణాలు ఇలాగే చెబుతూ వచ్చారు. చేర్యాల పటాలకు భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. బొమ్మలను గడుల్లో పేర్చి కథ నడిపించడం నాకు అమెరికా నుంచి కాజీపేట మీదుగా వచ్చిందని ఇన్నాళ్ళూ అనుకున్నాను. అది మా ఇంటికి రెండుపూటల బస్సుప్రయాణంలో తరతరాలుగా ఉంది.

పటం పాతబడి చిరిగిపోతే దాన్ని అమ్ముకోరనీ, శాస్త్రోక్తంగా నీళ్ళలో కలిపి కొత్తది గీయించుకుంటారనీ పెద్దలు చెప్పగా విన్నాను. నాఫ్తలీను ఉండలు వేసి, అట్ట మడత పడకుండా కాగితం చుట్టి దాచుకునే నాలాంటివాడికి ఆ సంగతి చాలాసేపు మింగుడుపడలేదు. వాళ్ళు దాచుకున్నది గుడ్డను కాదు, చెప్పడాన్ని. చెప్పేవాడు ఉన్నంతకాలం ఆ ఏర్పాటు నిలుస్తుంది. చెప్పేవాడు పోతే?

అదే నా స్నేహితుణ్ణి అడిగాను. పగిడిద్దరాజు పాట పూర్తిగా ఎవరికి వస్తుందని. వాడు వేళ్ళు మడిచాడు. వాళ్ళ చిన్నతాతకు వచ్చేది. నేను ఎరుగుదును ఆయనను; జాతర ముందు రాత్రుళ్ళు వాళ్ళ వాకిట్లో పాడుతుంటే మా ఇంటిదాకా వినిపించేది. నేను దీపం దగ్గరికి జరుపుకొని ఫాంటమ్ చదువుకునేవాణ్ణి. ఆయన పోయి పాతికేళ్ళయింది. "మాకు కొంచెం కొంచెం వస్తది" అన్నాడు వాడు. ఆ కొంచెం ఎంతో నేను అడగలేదు.

ఈ 212 సంచికలను పారేస్తానని అనుకోకండి. అంత ధైర్యం లేదు, అవసరమూ లేదు. బొమ్మను చదవడం నాకు నేర్పింది అవే. ఆ ఊదారంగు దుస్తులవాడు కనిపిస్తే ఈ వయసులో కూడా నా గుండె కొంచెం ఉబ్బుతుంది. దేవులపల్లి కృష్ణశాస్త్రి గారి అబ్బాయి బుజ్జాయి గారు మనకు డుంబును ఇచ్చారు, ఇలస్ట్రేటెడ్ వీక్లీలో పంచతంత్రాన్ని బొమ్మలకథగా గీశారు. తెలుగువాడి చేతిలో ఆ విద్య ఉందని నిరూపించి 2022లో వెళ్ళిపోయారు. మన దగ్గర లేనిది కుంచె కాదు. నాలాంటి చదువరి దీపం పక్కకు పెట్టి వాకిట్లోకి వెళ్ళి వినకపోవడమే లోటు.

పూనుగొండ్ల నుంచి వచ్చాక రెండుసార్లు నా స్నేహితుడి దగ్గరికి వెళ్ళాను. వానికీ, వాని అక్కకూ గుర్తున్న "కొంచెం కొంచెం"ను నోటుపుస్తకంలో రాసుకుంటున్నాను. బయటికి చెప్పగూడదన్నవి రాయడం లేదు. ఇప్పటికి పదకొండు పుటలైంది. మధ్యలో ఖాళీలు చాలా ఉన్నాయి. చివరి పుట లేని నా సంచికల్లాగే. ఆ నోటుపుస్తకాన్ని ట్రంకుపెట్టెలో, ఫాంటమ్ కథల మీద పెట్టాను.

మీ ఇంట్లో కూడా ఇలాంటి పెట్టె ఒకటి ఉండే ఉంటుంది. చందమామలో, బాలమిత్రలో, ఇంద్రజాల్‌లో ఉంటాయి అందులో. ఈసారి వాటిని ఎండబెట్టేటప్పుడు, మీరు అవి చదువుతున్న రాత్రి పక్కవాకిట్లో ఎవరు పాడుతుండేవారో ఒకసారి గుర్తుచేసుకోండి. వాళ్ళు ఇంకా ఉంటే ఆలస్యం చేయకండి.